బ్యాకప్ ఉందిగా... అనుకున్నాం!

కంప్యూటరు చెడిపోతే బాగు చేయించుకోవచ్చు. కాదంటే కొత్తది కొనుక్కోవచ్చు. మరి అందులో దాచుకున్నవి? ‘ఏం ఫర్వాలేదు, బ్యాకప్ ఉందిగా’ అనుకుంటాం. తీరా అవసరమొచ్చినప్పుడు ఆ బ్యాకప్పే మొండిచెయ్యి చూపిస్తే? ఓ రిటైర్డు తెలుగు మాస్టారి ఇంట్లో మొదలైన ఈ కథ పెద్దపెద్ద కంపెనీల దాకా, ఓ ప్రభుత్వం దాకా వెళ్తుంది.

టక్... టక్... టక్...

గోడగడియారం చప్పుడు కాదది. నాన్న బల్ల కింద ఉన్న సీపీయూలోంచి వస్తోంది. తెర మీద నల్లటి రంగు, మధ్యలో తెల్లటి అక్షరాలతో ఒక్క వాక్యం. ‘బూట్ అవడానికి డిస్కు కనబడటం లేదు’ అని దాని సారాంశం. 2024 సెప్టెంబరులో ఓ ఆదివారం ఉదయం తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసి, రిసీవర్ని సీపీయూకి దగ్గరగా పెట్టి ఆ చప్పుడు నాకు వినిపించారు.

‘‘ఇదేంటమ్మాయ్, లోపల ఎవరో వేలితో కొడుతున్నట్టుంది?’’

‘‘ఏం కాదు నాన్నా. బ్యాకప్ ఉందిగా!’’ అన్నాను ధీమాగా. ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సారథ్యంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం అంటే ఆయనకి ప్రాణం. అందులోకి ఎక్కని మాటలు మన కృష్ణా డెల్టా ఊళ్లలో ఇంకా ఎన్నున్నాయోనని పాతికేళ్లుగా సైకిలు మీద, ఆ తర్వాత మోపెడ్ మీద తిరిగి ఏరుకొచ్చారు. కాడి, మేడి, చిక్కం, ములుగర్ర లాంటివి అందరికీ తెలిసినవే. పశువు పేరు బట్టి, నేల తీరు బట్టి, ఊరు దాటితే మారిపోయేవి మరెన్నో. అన్నీ చిన్నచిన్న కాగితం చీటీల మీద రాసుకునేవారు. 2008లో తెనాలిలోని ఓ డీటీపీ సెంటర్లో 160 పేజీలు కంపోజ్ చేయించి సీడీలో తెచ్చుకున్నారు. అచ్చు వేయించడానికి డబ్బులు కుదరలేదు. 2020 లాక్‌డౌన్‌లో తనే టైపింగ్ నేర్చుకుని మిగతా మాటల్ని వర్డ్ ఫైల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ‘కంప్యూటర్లో ఉన్నాయిగా’ అని పాత చీటీల పెట్టెని అటక మీదికి చేర్చారు. దాన్ని చెదలు చూసుకున్నాయి!

అంటే, పాతికేళ్ల శ్రమ మొత్తం ఆ ‘టక్ టక్’మనే డబ్బాలోనే ఉంది.

రబ్బరుతో రుద్దితే రెండొందలు

ఆ కంప్యూటరు మొరాయించడం అదే మొదటిసారి కాదు. 2022లో విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డు సిస్టమ్ అది. ఏడాది తిరక్కుండానే సతాయింపులు మొదలయ్యాయి.

మొదట ఓ వానాకాలం ఉదయం, స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరుగుతోంది గానీ తెర వెలగదు. వీధి చివరి కంప్యూటర్ల కుర్రాడొచ్చాడు. మూత తీసి, ర్యామ్ ముక్కని బయటికి లాగి, దాని బంగారు పూత అంచుని స్కూలు పిల్లలు వాడే రబ్బరుతో నాలుగుసార్లు రుద్ది మళ్లీ బిగించాడు. ఠక్కున వెలిగింది! రెండొందలు తీసుకున్నాడు. ఇందులో మాయేం లేదు. తేమకీ దుమ్ముకీ ఆ అంచు మీద సన్నటి పొర పేరుకుంటుంది. దాంతో మదర్‌బోర్డుకీ ర్యామ్‌కీ మధ్య కరెంటు సరిగా పారదు. రుద్దితే ఆ పొర పోతుంది.

రెండోసారి ఎస్‌ఎంపీఎస్ కాలింది. ఇంటికొచ్చే 230 వోల్టుల కరెంటుని కంప్యూటరు భాగాలకి సరిపడా 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పెట్టె అది. మా వీధిలో గాలివాన వచ్చిందంటే దీపాలు ఒకసారి దేదీప్యమానంగా, మరోసారి కిరసనాయిలు బుడ్డిలా వెలుగుతాయి. యూపీఎస్ ఉంది గానీ అందులో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. చవకరకం ఎస్‌ఎంపీఎస్ పోతూపోతూ పక్కవాటినీ దెబ్బతీస్తుందని ఆ తర్వాత తెలిసింది.

మూడోసారి, 2024 జనవరిలో విండోస్ తాబేలులా తయారైంది. ‘‘ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ, సీ డ్రైవ్ ఒక్కటే. డీ జోలికి వెళ్లను’’ అన్నాడు కుర్రాడు. మన దగ్గర ఎన్ని కొంపలు ముంచిందో ఈ మాట! డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవీ, డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవీ మామూలుగా ఉండేది సీ డ్రైవ్‌లోనే. అదృష్టం బాగుండి, పాత విద్యార్థి కావడంతో ఆ కుర్రాడే గుర్తుపెట్టుకుని ఫైళ్లన్నీ డీలోకి కాపీ చేశాడు. ఫార్మాట్ అయ్యాక మళ్లీ డెస్క్‌టాప్ మీదికి తెచ్చాడు. ఒక్క అక్షరం పోలేదు.

కానీ ఒకటి పోయింది. అది మాకెవరికీ తెలియలేదు.

నీలం దీపం వెలుగుతూనే ఉంది

అంతకు రెండేళ్ల ముందు నేనే ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని నాన్న కంప్యూటరుకి తగిలించాను. రోజూ రాత్రి తొమ్మిదింటికి పదకోశం ఫోల్డర్ని దానంతటదే అందులోకి కాపీ చేసే ఓ చిన్న ప్రోగ్రామ్ పెట్టాను. ‘‘ఈ నీలం దీపం వెలుగుతున్నంత కాలం మీకు ఢోకా లేదు’’ అని నాన్నకి చెప్పాను.

ఆ ప్రోగ్రామ్ ఉన్నది సీ డ్రైవ్‌లో. ఫార్మాట్‌తో అదీ తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని మళ్లీ ఎక్కించాలని కుర్రాడికి తెలియదు. నాన్నకి అసలే తెలియదు. తెలిసిన నేను హైదరాబాద్‌లో ఉన్నాను, అడగలేదు. నీలం దీపం మాత్రం ఎప్పట్లాగే వెలుగుతూనే ఉంది. అది చెప్పేది ఒక్కటే... డిస్కుకి కరెంటు అందుతోందని! లోపలికి అక్షరాలు వెళ్తున్నాయని కాదు.

సెప్టెంబరులో ఆ డిస్కుని నా ల్యాప్‌టాప్‌కి తగిలించి చూస్తే, ఆఖరి కాపీ తేదీ ఎనిమిది నెలల నాటిది. ఆ ఎనిమిది నెలల్లో నాన్న వేమూరు వైపు ఓ ఊళ్లో తొంభై దాటిన రైతు దగ్గరికి వారం వారం వెళ్లారు. గూడ వేసి నీళ్లు తోడిన రోజులు, బంతి కట్టి కుప్ప నూర్చిన రోజులు చూసిన మనిషి. ఆయన చెప్పిన మాటలు ఆరొందలకు పైనే అక్కడ టైపు చేసి ఉన్నాయి. ఆ పెద్దాయన జులైలో పోయారు.

గంటకి 120 కిలోమీటర్ల వేగం

అసలు ఆ ‘టక్ టక్’ ఏమిటి?

హార్డ్ డిస్కు 1956లో పుట్టింది. ఐబీఎం తయారుచేసిన రామాక్ అనే యంత్రంలో 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు యాభై ఉండేవి. దాదాపు టన్ను బరువు. అంతా కలిపి దాచుకోగలిగింది 5 మెగాబైట్లు... ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకి సరిపోతుందేమో! పరిమాణం చిక్కిపోయిందే గానీ సూత్రం మాత్రం ఇప్పటికీ అదే. తిరిగే పళ్లెం, దాని మీద కదిలే రీడింగ్ హెడ్. గ్రామఫోను రికార్డూ ముల్లూ గుర్తు తెచ్చుకోండి. కాకపోతే ఇక్కడ ముల్లు రికార్డుని తాకకూడదు.

డెస్క్‌టాప్‌లో ఉండే డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. లెక్కేస్తే పళ్లెం అంచు గంటకి 120 కిలోమీటర్లకు పైగా వేగంతో పరిగెడుతున్నట్టు. ఆ వేగంతో పోతున్న పళ్లెం మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతుంటుంది. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు! అంటే ఓ దుమ్ము కణం కూడా ఆ సందులో పట్టదు. కరెంటు ఉన్నట్టుండి పోయినా, నడుస్తుండగా సీపీయూకి కాలు తగిలినా ప్రమాదమే. హెడ్ దెబ్బతింటే తన చోటు తనకి దొరకదు. వెతుక్కుని, దొరక్క వెనక్కి వచ్చి, మళ్లీ వెతుక్కుంటుంది. అలా వెళ్లొచ్చినప్పుడల్లా వచ్చే చప్పుడే ‘టక్’.

ఆ చప్పుడు వినబడితే చేయాల్సిన పని ఒక్కటే. వెంటనే ఆపేయడం. మేం దానికి పూర్తిగా విరుద్ధంగా చేశాం. ‘మరోసారి చూద్దాం’ అని పదిసార్లు ఆన్ చేశాం. కుర్రాడు డిస్కుని వేరే కంప్యూటరుకి తగిలించి, లోపాల్ని సరిచేసే ‘చెక్ డిస్క్’ నడిపాడు. ఫైళ్ల పట్టికలో చిక్కుముళ్లు పడితే పనికొచ్చే మందు అది. హెడ్ విరిగినప్పుడు వాడితే కాలు విరిగినవాణ్ని పరిగెత్తించినట్టే. ఆన్ చేసిన ప్రతిసారీ హెడ్ పళ్లేన్ని గీకుతూ పోయింది. హైదరాబాద్‌లోని డేటా రికవరీ లేబొరేటరీలో మూత తీసి చూసి చెప్పిన సంగతి ఇది.

‘‘మొదటి చప్పుడుకే తెచ్చి ఉంటే చాలావరకు వచ్చేదక్కా’’ అన్నాడు అక్కడి టెక్నీషియన్. దుమ్ము లేకుండా గాలిని వడకట్టిన గదిలో, అదే మోడల్ డిస్కు నుంచి తీసిన హెడ్‌లని మా డిస్కుకి అమర్చి ప్రయత్నించారు. ముప్పై ఎనిమిది వేలు ఖర్చయింది. ఫొటోలు కొన్ని వచ్చాయి. పదకోశం వర్డ్ ఫైల్ కూడా వచ్చింది. పేరు అదే, సైజు అదే. తెరిస్తే లోపల ఒక్క అక్షరం లేదు!

ముందే చెబుతుందా?

డిస్కులు పోయేముందు సూచన ఇవ్వవా అంటే, ఇస్తాయి... అప్పుడప్పుడు. ప్రతి డిస్కులోనూ తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే ‘స్మార్ట్’ అనే ఏర్పాటు ఉంటుంది. గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి 2007లో ఓ పత్రం ప్రచురించారు. ఉపరితలాన్ని తడిమి చూసే పరీక్షలో మొదటి లోపం బయటపడ్డ డిస్కు, ఏ లోపమూ లేనిదానికంటే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి హెచ్చరిక వస్తే ఆలస్యం పనికిరాదు. అయితే అదే పత్రంలో రెండో సంగతీ ఉంది. చెడిపోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా, ఈ స్మార్ట్ లెక్కల్లో ఏ తేడా కనబడకుండానే పోయాయి! ‘నిన్నటిదాకా బాగానే ఉందండీ’ అనే మాట అబద్ధం కాదన్నమాట.

ఇప్పుడు చాలా ల్యాప్‌టాపుల్లో తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీలు వస్తున్నాయి. కింద పడినా తట్టుకుంటాయి, వేగమూ ఎక్కువ. కానీ ఇవి పోయేటప్పుడు ‘టక్’ మని కూడా అనవు. పొరపాటున చెరిపేసిన ఫైల్‌ని పాత డిస్కులోంచి వెనక్కి తెచ్చే వీలు ఎంతోకొంత ఉండేది. ఎందుకంటే చెరిపినప్పుడు దాని చిరునామానే పోతుంది, పైన మరొకటి రాసేదాకా అసలు సరుకు అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అలా కాదు. ఖాళీ అయిన చోటుని తనే ముందుగా శుభ్రం చేసుకుంటుంది. అందుకే అందులో చెరిగింది చాలాసార్లు చెరిగిపోయినట్టే.

పెద్దోళ్లకీ తప్పలేదు!

మాదేదో ఇంట్లో వ్యవహారం. కోట్లకు పడగలెత్తిన కంపెనీలు ఇలా చేస్తాయా? చేశాయి మరి!

1998లో పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ సినిమా తయారవుతోంది. ఎవరో ఒక ఆదేశం తప్పుగా కొట్టడంతో సర్వర్లోని బొమ్మలూ, సెట్టింగులూ కళ్లెదుటే మాయమవడం మొదలైంది. తేరుకునేలోపు సినిమాలో దాదాపు 90 శాతం పోయింది. బ్యాకప్ తెరిచారు. అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది! చివరికి ఆదుకున్నది ఓ బాలింత. సినిమా సాంకేతిక బృందంలో కీలకమైన గాలిన్ సుస్మన్, బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఆ పని కోసం సినిమా నకలు ఒకటి ఆమె ఇంటి కంప్యూటర్లో ఉంది. ఆ కంప్యూటర్ని దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినంత జాగ్రత్తగా కార్లో తెచ్చుకున్నారు. తర్వాత కథ నచ్చక ఆ సినిమాలో చాలా భాగం మళ్లీ తీశారనుకోండి, అది వేరే సంగతి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంకో చిత్రం. ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకునే చోటది. రాత్రి పొద్దుపోయాక అలసిపోయిన ఓ ఇంజినీరు, నకలు సర్వర్లో చెరపాల్సిన ఫోల్డర్ని అసలు సర్వర్లో చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో తప్పు తెలుసుకుని ఆపినా 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లే. ఆ సంస్థకి ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. ఐదింట్లో ఒక్కటీ అక్కరకు వచ్చే స్థితిలో లేదు! ఒకదాంట్లో రెండు సాఫ్ట్‌వేర్ల వెర్షన్లు పొసగక రోజూ విఫలమవుతోంది. ‘విఫలమైంది’ అంటూ అది పంపిన ఈమెయిళ్లని సంస్థ మెయిల్ సర్వరే తిప్పికొడుతోంది. ఎవరికీ తెలియలేదు. ఆ ఇంజినీరే వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న నకలు ఒకటి దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. మెచ్చుకోవాల్సింది ఏంటంటే, వాళ్లు దేన్నీ దాచలేదు. మరమ్మతు మొత్తం యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేశారు.

ఇక 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో జరిగింది చూడండి. ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలని మార్చే పనిలో మంటలు లేచాయి. ఆరొందలకు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. వాటిలో చాలా తిరిగొచ్చాయి గానీ, ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే ‘జీ-డ్రైవ్’ బూడిదైంది. 858 టెరాబైట్లు! అంత పెద్దదానికి వేరేచోట నకలు పెట్టడం కష్టమని పెట్టలేదట. సాంకేతికంగా ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం పరిస్థితి అది.

మూడింట్లోనూ ఒకటే పోలిక. బ్యాకప్ లేకపోవడమో, ఉన్నా పనిచేయకపోవడమో... ఆ సంగతి ముందే ఎవరూ చూడకపోవడం.

అన్నీ బ్యాకప్పులు కావు

‘నావన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి’ అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఎక్కువ. అక్కడే చిన్న తిరకాసు ఉంది. ఫోన్లో, కంప్యూటర్లో ఉన్నదాన్ని ఉన్నట్టు క్లౌడ్‌లో చూపించడాన్ని ‘సింక్’ అంటారు. అది అద్దం లాంటిది. మీరు బొట్టు పెట్టుకుంటే అద్దంలోనూ ఉంటుంది, చెరిపేసుకుంటే అక్కడా పోతుంది. మనవడు ఆడుకుంటూ ఫోల్డర్ చెరిపేస్తే క్లౌడ్‌లోనూ చెరుగుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో పడ్డది 30 రోజులే ఉంటుంది. ఆ తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ఎప్పుడూ తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ డిస్కుకీ ప్రమాదం పొంచి ఉంది. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. ఇలాంటివి ఒకసారి లోపలికొస్తే తగిలించి ఉన్న డిస్కుల్నీ వదలవు. ఇల్లు కాలుతుంటే పక్కనే ఉన్న గడ్డివాము మిగులుతుందా!

సీడీలో రాసి బీరువాలో పెట్టాం అంటారా? సీడీలో సమాచారం ఉండేది ఓ రసాయన రంగు పొర మీద. వేడికీ వెలుతురుకీ అది క్రమంగా పాడవుతుంది. నాన్న 2008 నాటి సీడీని నాలుగు డ్రైవుల్లో పెట్టి చూశాం. గరగరమని తిరగడమే తప్ప చదవలేదు. పెన్‌డ్రైవ్‌లో అక్షరాలు విద్యుదావేశంగా నిలిచి ఉంటాయి. ఏళ్ల తరబడి దేనికీ తగిలించకుండా పడేస్తే అదీ కారిపోతుంది.

దొరికింది... చదవలేం!

ఆ 160 పేజీల పేజ్‌మేకర్ ఫైల్ కాపీ అదృష్టవశాత్తూ ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది. సంతోషంగా తెరవబోతే, పేజ్‌మేకర్ ఎక్కడిది? 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షనే రాలేదు. అందులోని మాటల్ని ఎలాగో బయటికి లాగితే, తెర మీద అర్థంపర్థం లేని ఇంగ్లిషు గుర్తుల వరద.

తెలుగులో రాసేవాళ్లకి మాత్రమే తెలిసిన బాధ ఇది. తెలుగు అక్షరాలకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. అయినా మన డీటీపీ సెంటర్లూ పత్రికలూ చాలాకాలం అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతోనే నడిచాయి. వాటిల్లో ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లిషే. ఆ ఫాంటు ఉంటేనే మన కంటికి తెలుగు. లేకపోతే పిచ్చిగీతలు. పెట్టె ఉంది, తాళంచెవి లేదు!

తెనాలిలో ఆనాటి డీటీపీ ఆపరేటర్ని వెతుక్కుంటూ వెళ్లాం. ఆయనిప్పుడు ఫ్లెక్సీలు కొడుతున్నారు. ‘‘మాస్టారి కోసం కాకపోతే ఇంకెవరికోసం’’ అంటూ దుకాణం వెనక గదిలోంచి దుమ్ముపట్టిన పాత సిస్టమ్ బయటికి తీశారు. రెండుసార్లు మొరాయించి మూడోసారి ఆన్ అయింది. పేజ్‌మేకర్ తెరుచుకుంది. మొదటి పేజీలో ‘అ’ కింద మొదటి మాట కనబడగానే నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజే పీడీఎఫ్ చేయించాం, ఒక ప్రతి కాగితం మీద ముద్రించాం. యూనికోడ్‌లోకి మార్చే పని ఇంకా నడుస్తోంది. మార్చాక ఒత్తులు తారుమారవుతాయి, ప్రతి పేజీ కళ్లతో చూసుకోవాల్సిందే.

రాగిరేకులు చెప్పిన పాఠం

మనవాళ్లకి ఈ బెంగ కొత్తదేం కాదు. తాళ్లపాక వారు అన్నమయ్య సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో అరలో భద్రపరిచారు. నిప్పుకీ చెదలకీ లొంగని బ్యాకప్ అది. కానీ కాలం గడిచేకొద్దీ ఆ అరనే లోకం మరిచిపోయింది. 1922 ప్రాంతంలో రేకులు మళ్లీ వెలుగు చూశాకే ఆ పాటల నిధి లోకానికి తెలిసింది. ఆయన రాసినవి 32 వేలంటారు. దొరికినవి అందులో సగం కూడా లేవు.

19వ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ పద్ధతి వేరు. కడపలోని తన బంగళాలో పండితుల్నీ లేఖకుల్నీ పెట్టుకుని, సొంత డబ్బుతో తాళపత్రాలకి నకళ్లు రాయించాడు. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి తప్పులు దిద్దించాడు. దాచడం ఒక్కటే కాదు, తెరిచి చదివి సరిచూసుకోవడం. బ్యాకప్ అంటే అసలు అర్థం అదే!

నాన్న ఇప్పుడు ఆ ఆరొందల మాటల్ని జ్ఞాపకం తెచ్చుకుని నోటుబుక్కులో రాస్తున్నారు. మూడొందల దాకా వచ్చాయి. మిగతావి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయట. ‘‘కుప్ప మీద కప్పే గడ్డికి ఆయనో మాట చెప్పాడమ్మాయ్... చెప్పి నవ్వాడు కూడా. ఆ నవ్వు గుర్తుంది. మాటే రావట్లేదు’’ అన్నారు మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు.

కంప్యూటర్లో ఇప్పుడు కొత్త డిస్కు, యూపీఎస్‌లో కొత్త బ్యాటరీ ఉన్నాయి. బ్యాకప్ డిస్కులు రెండయ్యాయి. ఒకటి తెనాలిలో, ఒకటి నా దగ్గర. నెలలో మొదటి ఆదివారం నాన్న ఫోన్ చేసి, బ్యాకప్ డిస్కులోంచి ఏదో ఒక ఫైల్ తెరిచి అందులోంచి ఓ మాట చదివి వినిపిస్తారు. నేను నా దగ్గరున్న దాంట్లో చూసి సరిపోయిందంటాను. పది నిమిషాల పని. నీలం దీపాన్ని మాత్రం ఇద్దరం నమ్మడం మానేశాం.

ఇంతకీ... మీ బ్యాకప్‌ని మీరు ఆఖరిసారి తెరిచి చూసిందెప్పుడు?

*

ఇలా చేసి చూడండి!

• మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో లేదా వేరే ఇంట్లో. దీన్నే 3-2-1 సూత్రం అంటారు. కంప్యూటర్లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లోనో దూరంగా ఉన్న బంధువుల ఇంట్లోనో ఒకటి.

• కాపీ అయిపోయాక డిస్కుని విప్పి బీరువాలో పెట్టండి. వైరస్ వచ్చినా, పిడుగు పడినా అది మిగులుతుంది.

• నెలకోసారి బ్యాకప్‌లోంచి రెండు మూడు ఫైళ్లని వేరే కంప్యూటర్లో తెరవండి. పేరూ సైజూ చూసి సరిపెట్టుకోవద్దు. లోపల ఏముందో చూడండి. ఆఖరి కాపీ తేదీ చూడండి.

• రిపేరుకి ఇచ్చే ముందే కాపీ తీసుకోండి. ఫార్మాట్ అయ్యాక బ్యాకప్ ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించారో లేదో అడగండి.

• డిస్కు చప్పుడు చేస్తే, నీళ్లలో పడితే, కింద పడితే ఆన్ చేయొద్దు. ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాలు అసలే వద్దు. ముఖ్యమైనవి ఉంటే నేరుగా డేటా రికవరీ నిపుణులకి ఇవ్వండి.

• ఫైల్ పొరపాటున చెరిగితే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా ఆపండి. తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్‌ని కూడా అదే డిస్కులోకి దించొద్దు.

• యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో అప్పుడప్పుడు ప్లగ్ తీసి పరీక్షించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

• పాత ఫాంట్లలో ఉన్న తెలుగు ఫైళ్లని, చదవగలిగే కంప్యూటరు దొరుకుతుండగానే పీడీఎఫ్‌గా, యూనికోడ్‌గా మార్చి పెట్టుకోండి. మరీ విలువైనవైతే ఒక ప్రతి కాగితం మీద అచ్చు తీసి దాచండి... చెదల మందు చల్లి!